తమ్మునికి పెట్టిన ఆకు

విషజ్వరాలు వచ్చిపోయిన మూడో ఏడు. వేలూరు పక్కన పాలారు ఒడ్డున కల్లంగడి, దాన్ని ఆనుకోని పచ్చయమ్మ తిండి కొట్టు. అమావాస్య. పొద్దు నడినెత్తికి వస్తా ఉండాది.

"రెండాకులు ఎందుకప్పా? ఒక్కడివే కదా వచ్చినావు."

"ఒకటి నాకు, ఒకటి మా తమ్మునికక్కా."

"వాడు యాడ? కల్లు పోయించుకునేదానికి పోయినాడా?"

"వాడు లేడు. జ్వరాల కాలంలో చచ్చిపోయినాడు. ఈ దినం అమావాస్య కదా, వానికి పెట్టాల. నీ కొట్టు వెనక పిట్టగోడ ఉండాదే, దాని మీద ఆకేసి పెట్టుకుంటా. కాదనొద్దు."

"బాగుండాది కత. చచ్చినోళ్ళకి ఇంటికాడ పెడతారు. తాగి దొర్లే చోట ఎవురైనా పెడతారా?"

"ఇంటికాడ పెట్టి పెట్టి అలిసిపోయినా అక్కా. కాకి ముట్టడం లే. రెండేండ్లుగా ఏ అమావాస్యకీ ముట్టలే. వస్తాది, వాలతాది, మెడ వంచి ఆకు చూస్తాది, ఎగిరిపోతాది. తలకాయ కూర పెట్టినా, ఎండుచేపల పులుసు పెట్టినా, కల్లు పెట్టినా, చుట్ట కూడా పెట్టినా. పక్కింటోళ్ళ ఆకు మాత్రం చిటికెలో ఖాళీ."

"నీ చేతి వంట వానికి నచ్చలేదేమో."

"ఎగతాళి చెయ్యొద్దక్కా. నా సంసారం పొయ్యేటట్లు ఉండాది."

"సరి సరి, కూర్చో. ఏం కావాలో చెప్పు. సంగటి ఉండాది, బోటి వేపుడు ఉండాది, చేపలు ఇప్పుడే దించినా."

"అవి కాదు. అమెరికా కోడి కావాల. పిండిలో పొర్లించి వేయిస్తావంట కదా, అది. బెల్లం పాకం పోసిన ఆ తియ్య రొట్టె కూడా. మాకు నూలు తెచ్చే చిన్నస్వామి చెప్పినాడు. సంతకి లుంగీలు తెచ్చినప్పుడంతా మా వాడు నీ కొట్లోనే తినేవాడంట. ఇంట్లో నాతో మాట మాత్రం కూడా అనలే. దానికోసమే వాని మనసు కొట్టుకుంటా ఉందేమో అని ఇంత దూరం వచ్చినా."

"బంగళాలో అమెరికా దొరసానికి వండి పెట్టి నేర్చుకున్న వంట అది. ఆయమ్మ ఉప్పూకారం లేకుండా సప్పగా తింటాది. ఈ తాగేటోళ్ళు అట్ల తింటారా? పైన మిరప్పొడి చల్లితే గానీ నోట పెట్టరు. సంతకొచ్చే వాళ్ళు నూరు మంది తింటారప్పా, ఎవురని గుర్తు పెట్టుకునేది? యా ఊరు మీది?"

"గుడియాత్తం. నేతపనోళ్ళం. నా పేరు అప్పాసామి."

"తమ్ముని పేరు?"

"ధనపాల్. ఏమక్కా, గంటె పట్టుకోని అట్లే నిలబడిపోయినావు?"

"నూనె కాగిందా అని చూస్తా ఉండా. ఏం పేరంటివి? కొంచెం గట్టిగా చెప్పప్పా, ఈ పొయ్యి సద్దులో సరిగ్గా వినపడలే."

"ధనపాల్. గుడియాత్తం ధనపాల్."

"ఊ. సంసారం పొయ్యేటట్లు ఉందంటివే, అదేంది? అది కూడా గట్టిగానే చెప్పు."

"ఆ తడిక వెనక ఎవురో ఉండారే."

"ఎవురో తాగి పండుకున్నాడు. వాని గొడవ నీకెందుకు. నువ్వు చెప్పు."

"ఏమని చెప్పేది. వాని పెండ్లాం అంబుజం. వాడు పోయి ఆరు నెలలు తిరక్కముందే కులపెద్దలు కూర్చున్నారు. పాపం, చిన్న వయసు, నీకూ పెండ్లి లేదు, నువ్వే మారుమనువు చేసుకో అన్నారు. వద్దంటి. రెండోసారి వచ్చినారు, వద్దనలేకపోతి. నిజం చెప్తే నాకూ వద్దనాలని లేదు. ఇప్పుడు పిల్లోడు, పాకతా ఉండాడు. వానికి వారం వారం ఒళ్ళు కాలతాది. అంబుజం ఏమంటాదంటే, నీ తమ్మునికి మన మీద కోపం, అందుకే కాకిని ముట్టనియ్యడు, ఇప్పుడు బిడ్డను పట్టుకున్నాడు అని. ఈ అమావాస్యకి కూడా ముట్టకపోతే బిడ్డనెత్తుకోని తిరుపత్తూరికి మా అమ్మకాడికి పోతా, మళ్ళా ఈ గడప తొక్కను అనింది. మూట కట్టి పెట్టుకోనుండాది. అనిందంటే చేస్తాది, నాకు తెలుసు."

"నువ్వేమంటావు? తమ్మునికి కోపమా?"

"నాకు భయమక్కా. ఇంట్లో వాని మగ్గం అట్లే ఉండాది, ఎవురినీ కూర్చోనియ్యలే. నేను నేస్తా ఉంటే పక్కన అది కూడా ఆడినట్లు వినపడతాది. చెయ్యి ఆపితే అదీ ఆగిపోతాది. చిన్నప్పటినుంచి ఇద్దరం పక్కపక్కనే కూర్చోని నేసినోళ్ళం. వాడు ముందు లేసి నా చెంబులో నీళ్ళు నింపి పెట్టేవాడు. అట్లాంటోడు నా మీద కోపం పెట్టుకున్నాడంటే నేనెట్ల బతికేది?"

"ఇదిగో, కోడి అయింది. రొట్టె కూడా పెట్టినా. పో, గోడ మీద ఆకెయ్యి. కల్లు ముంత పక్కన పెట్టు."

"పెట్టేసినా. దండం కూడా పెట్టుకున్నా."

"ఇంక తిరిగి చూడగూడదు. ఈ పక్కకి తిరిగి కూర్చోని నీ ఆకు తిను."

"మెతుకు దిగడం లే."

"దిగకపోయినా తిను. పోయేటప్పుడు తమ్మున్ని చూసినావా, కండ్లతో?"

"జ్వరాలోళ్ళని ఊరిబయట షెడ్డులో పెట్టినారు కదా, ఆడికి పోయినా. లోపలికి రావద్దు, అంటుకుంటాది అని అరిచినారు. బయట వరసగా పండబెట్టుండారు, మొగాలు కప్పేసి. చూస్తే ఒకని మీద నా లుంగీ. నా మగ్గం మీద నేను నేసింది. అంచుకాడ పచ్చ పోగు చాలక నల్లది అతికినా, అది నాకు తప్ప ఇంకెవురికి తెలుస్తాది? దాన్ని వానికే ఇచ్చినా, కట్టుకోరా అని. అట్లే ఇంటికొచ్చేసినా."

"మొగం మీద బట్ట తియ్యలే?"

"తియ్యలే."

"బట్ట చూసి నెత్తిన నీళ్ళు పోసుకుంటివి."

"నేసేవాన్నక్కా. నేను నేసిన బట్ట కంటే నాకు ఇంకేం గుర్తు కావాల?"

"ఆ షెడ్డులో నేనూ గంజి కాసి పోసినా. చలిజ్వరంతో వణికేటోళ్ళకి పక్కనోళ్ళు తమ బట్టలు కప్పేటోళ్ళు. ఎవురి బట్ట ఎవురి మీద ఉండిందో దేవునికి తెలుసు."

"ఎందుకు చెప్తా ఉండావు అది?"

"ఊరికే. తిను, చల్లారిపోతాది."

"వెనక సద్దయింది. వాలిందా?"

"తిరగొద్దంటినే."

"ముట్టిందా అక్కా? నువ్వు చూస్తా ఉండావు కదా, ముట్టిందా?"

"ఆమా. తింటా ఉండాది. బాగా ఆకలి మీద ఉండాది."

"నీ కండ్లెంబడి నీళ్ళేంది?"

"ఏమీ లే. ఇప్పుడు చూసుకో పో."

"అక్కా."

"ఊ."

"కాకి తింటే ఆకు చినిగిపోతాది. బొమికలు కింద పడుంటాయి. ఇవి ఒక పక్కగా పెట్టుండాయి. పాకం రొట్టెతో తుడిచుండారు. ఆకు మడిచుండారు. తడిక వెనక ఉన్న ఆయప్ప యాడ?"

"నన్నడగొద్దు నాయనా. ఒట్టు పెట్టించుకున్నాడు."

"ఎవురు?"

"నీకు తెలీదా ఎవురో?"

"నా దగ్గిర దాచొద్దక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ధనపాలే. పక్కన ఒక ముసలాయన వణకతా ఉంటే తన లుంగీ తీసి కప్పినాడు. తెల్లారేసరికి ఆ ముసలాయన పోయినాడు. నువ్వు చూసింది ఆయన్ని. మీ వాడు లేసి నిలబడేదానికి నెలలు పట్టింది, మాట కూడా పడిపోయిండింది. కొంచెం నడక రాంగానే గుడియాత్తం వచ్చినాడంట. వీధిలో మీరిద్దరూ పడుగు చాపుకోని, ఆ కొస నువ్వు, ఈ కొస అంబుజం. మెడలో కొత్త పసుపుతాడు. ఆ పిల్ల ఏదో అంటే నువ్వు నవ్వితివంట. వాడు అట్లే వెనక్కి తిరిగొచ్చేసినాడు. సత్తువాచారి ఊరి పక్క కట్టడం పనిలో సున్నం మోస్తాడు. అమావాస్యకి గోడలు కట్టే కొత్తనోళ్ళు పనికి దిగరు కదా, ఈడికొచ్చి కూర్చుంటాడు. నువ్వు చెప్పిందంతా విన్నాడప్పా. బిడ్డ జ్వరం సంగతి కూడా."

"ఆకు ఆ పక్కకి మడిచినాడు."

"చూసినా."

"పెండ్లి భోజనమైతే మన పక్కకి మడుస్తాం, మళ్ళా మళ్ళా కలవాలని. ఆ పక్కకి మడిచేది చావింట్లోనే కదక్కా."

"అదిగో, ఏట్లోకి దిగినాడు. ఆ కాళ్ళతో ఇసకలో బిరబిరా నడవలేడు. ఇప్పుడు పరిగెత్తితే అందుకుంటావు."

"కనపడతా ఉండాడు. వాడే. వాని నడకే."

"పరిగెత్తలేకపోతే పిలువు. నీ గొంతు వింటే నిలబడతాడు."

"రెండాకులకి ఎంతయిందక్కా?"

"అప్పాసామీ. అవతల గట్టు దాటిపోతా ఉండాడు, పిలువప్పా."

"గుడియాత్తానికి రైలు ఎప్పుడుండాదక్కా? తొందరగా పోవాల, అంబుజం మూట కట్టుకోని కూర్చోనుంటాది. కాకి ముట్టిందని చెప్పాల."