ఆయనే సార్

పొద్దు ఇంకా వాకిట్లకు రాలేదు. ఉమారాణి పొయ్యి కాడ జొన్నరొట్టెలు కొడుతాంది. అత్త భద్రమ్మ కడప పక్కన కూసోని చింతపండు గింజ తీస్తాంది. ఇన్ని దినాలు తిండి మీద మనసు లేని పరమేష్, ఇయ్యాల తనంతట తానే పీట జరుపుకోని పొయ్యి ముందట కూసున్నడు.

"ఇంకోటి ఎయ్యి. వేడి వేడిది ఎయ్యి."

"ఇగో, కాలుతాంది. తొక్కు గావాల్నా?"

"వెయ్యి. వెల్లిగడ్డ ఎక్కువున్న దిక్కు తీసి వెయ్యి. అమ్మా, నీ కోడలి రొట్టె ఇయ్యాల మస్తుగున్నది."

"రొట్టె రోజూ గట్లనే ఉంటది కొడుకా. నీ నాలికే ఇయ్యాల తిరిగొచ్చింది. నిన్నటిదాక పల్లెం ముందట కూసోని మెతుకులు కెలికితివి. ఏంది, సార్లు వస్తలేరా?"

"ఎందుకు రారు? వస్తున్నరు. బడి కాడ కూసుంటరు. రామచంద్రయ్య సారు, పట్నం నుంచి. మా సంస్థల పెద్ద సారు."

"వస్తుంటే మరి గింత సంబురమేంది? ఊరోళ్లకు సంస్థ గొర్లు పంచినోనివి నువ్వు. ఎంక్వైరీ అంటే ముందుగాల నా మెడనే పట్టుకుంటరు అంటివి."

"అంటి. నిజంగనే అనుకున్న. నిన్న మాపటికి అచ్చంపేటల హోటల్ కాడ ఇస్రాయేలు కలిసిండు. సారు జీపు నడిపేటోడు. చాయ్ తాపిన, మిర్చి తినవెట్టిన. అంతా చెప్పిండు."

"ఏం చెప్పిండు?"

"మన మీద ఫోన్ చేసింది ఆడామె అట."

"ఏందే ఉమా, సప్పుడు ఆగింది?"

"పిండి అంటుకున్నది అత్తా. నీళ్లు తక్కువైనయి."

"చెంబు నీ పక్కకే ఉన్నది గద."

"ఆ. ఉన్నది."

"ఇనవే అమ్మా. రేషన్ దుకాణం గోడకు కాయితం ఉన్నది గద, 'మీకొచ్చే సాయంల మోసం కనబడితే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి, మీ పేరు ఎవ్వరికీ చెప్పం' అని. గా కాయితం అంటువెట్టింది ఎవలు? నేనే! దానికి మైదా ఉడకవెట్టి ఇచ్చింది ఎవలు? నీ కోడలే!"

"నవ్వకురా. పొలమారుతది."

"సంస్థోళ్లు అంటువెట్టుమన్నరు, అంటువెట్టిన. ఎవలు చదువుతరు, ఎవలు చేస్తరు లే అనుకున్న. చేసింది చూడు ఎవతో."

"ఏం చెప్పిందట మరి?"

"ఏం మిగిలియ్యలే. ఇంటింటికీ గొర్లు ఇచ్చినమని ఒక్క మందనే ఇంటింటి ముందట నిలవెట్టి ఫోటోలు తీసినమని. వీపు మీది రంగు కడిగి ఇంకో రంగు పూసినమని. చెవి బిళ్లలు పీకి వేరే బిళ్లలు కొట్టినమని. ఫోటోలు అయినంక లారీల ఎక్కించినమని. సుక్కమ్మ ముచ్చట గూడ చెప్పిందట."

"సుక్కమ్మ పసుపు రాసింది."

"ఏమన్నవ్ ఉమా?"

"గొర్రెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఫోటోల నవ్వుమంటే నవ్వింది. ఈ ఒక్క రాత్రి నా గుడిసెల కట్టేస్కుంట బిడ్డా అని నిన్ను బతిలాడింది. కట్టేస్కోనిచ్చి, ఆమె పండుకున్నంక ఇప్పుకొస్తివి."

"అగో, అచ్చం గిట్లనే చెప్పిందట ఆమె గూడ! పసుపు సంగతితోని సహా. నీకెవలు చెప్పిండ్రు?"

"ఊరందరికీ ఎర్కనే."

"దగ్గరుండి చూసినోళ్లే ఎవలో. ఇస్రాయేలు చెప్తుంటే చాయ్ గ్లాసు కింద వెట్టేసిన అమ్మా, నిజం. ఇగ నా పని అయిపోయింది అనుకున్న."

"మరి? నీ పేరు చెప్పలేదా?"

"అదే గదనే అసలు సంగతి! చెప్పలే! సారు అడిగిండట, ఇదంతా చేపిచ్చింది ఎవలమ్మా అని. మళ్ల అడిగిండట. 'ఆయనే సార్' అన్నదట. ఆయనంటే ఎవలమ్మా, పేరు చెప్పు. 'ఆయనే సార్, గొర్ల కాడ ఉండేటాయన.' గంతే! ఎన్ని తీర్ల అడిగినా ఆయనే, ఆయనే. సారు జీపుల స్పీకర్ పెట్టి మాట్లాడితే ఇన్నడట ఇస్రాయేలు, ఆడగొంతు పెట్టి చేసి చూపిచ్చిండు. 'ఆ... ఆయనే సార్...' నవ్వలేక సచ్చిన హోటల్ల."

"ఉమా, రొట్టె మాడుతాంది."

"ఆ అత్తా."

"ఇప్పుడు గొర్ల కాడ ఉండేటాయన అంటే సారు ఎవలనుకుంటడు? చెప్పు అమ్మా."

"నాకేమెర్క?"

"కాటమయ్య!"

"ఏ కాటమయ్య? మన కాటమయ్యనా?"

"ఊర్ల ఎందరున్నరు కాటమయ్యలు? మంద ఎవల దొడ్డిల ఉన్నది? కాటమయ్య చిన్నాయిన దొడ్డిల. కాయితాల మీద గొర్ల పెద్ద అని ఏలిముద్ర ఎవలది? చిన్నాయినది. సారు లెక్కకు సరిగ్గ సరిపాయె. నా మీద అనుమానమే లేదట. నన్నే సాక్షిగ పిలుస్తుండు, ఎట్లున్నది?"

"మామ ఏం చేసిండు?"

"ఎవలు?"

"కాటమయ్య మామ. ఏం చేసిండని? దొడ్డి ఇయ్యి అన్నవు, ఇచ్చిండు. అవి ఆకలికి అరుస్తున్నయని తన గొర్ల గడ్డి తీసి ఏసిండు. ఏలిముద్ర ఎయ్యి అంటే దేనికని గూడ అడగలే."

"నేను ఏమన్నన? ఫోన్ల నేను చెప్పిన్నా? ఎవతో చెప్పింది, సారు రాసుకున్నడు. దాని పాపం దానికే."

"దానికేనా?"

"మరి? సక్కగ పేరు చెప్పకపాయె."

"ఇగ ఊకోన్రి ఇద్దరు. ఇంతకు కాటమయ్యను ఏం చేస్తరట కొడుకా?"

"పోలీసులకు కాయితం రాస్తరట. దొడ్డిల ఉన్న గొర్లను తోలుకపోతరట."

"సంస్థ గొర్లు లారీల పోయినయి అంటివి. దొడ్డిల ఉన్నయి వాని సొంతానివి గద."

"ఫోటోలకు తక్కువ పడితే వాటికి గూడ మా బిళ్లలు కొట్టించిన. చెవులకు ఇంకా ఉన్నయి."

"ఓరి నీ... అవి పోతే వాడు ఏం తిని బతుకుతడురా? పెండ్లాం పాయె, చూసెటోళ్లు లేరు. పొద్దంత వాటితోనే మాట్లాడుతడు వాడు."

"నన్ను లోపలేస్తే నువ్వేం తిని బతుకుతవు అమ్మా? నీ బీపీ గోలీలు ఏడికెళ్లి వస్తున్నయి? మీద రేకులు ఏడివి? పోయిన వానకాలం దాక ఇంట్ల గిన్నెలు పరిచి పండుకుంటిమి గద."

"నేను అడిగిన్నా రేకులు?"

"అడగలే. వద్దని గూడ అనలే. మీది నుంచి కింది దాక అందరు తిన్నరు. నాకొచ్చింది ఏంది? అడుగు గీకుడే. కాని అందరి చేతులు తుడిచేటందుకు బట్ట గావాల్నంటే మాత్రం పరమేష్ గావాలె. ఈసారి దేవుడు నా దిక్కున్నడు. కాదు, దేవుడు గాదు, ఆ 'ఆయనే సార్' అన్నామె. దొరికితే చీర వెడుదును."

"సరే గాని చేతులు కడుక్కోపో."

"ఎవలై ఉంటరే అమ్మా?"

"ఎవతైతే ఏంది, ఇడిసిపెట్టు."

"లేదు, జర ఆలోచించు. సుక్కమ్మ గాదు. సుక్కమ్మ అయితే నా పేరు వెట్టి, నా ఏడు తరాలను తవ్వి, అప్పుడు గొర్ల సంగతికి వస్తది. యాదలక్ష్మి వదినె అయితే 'మా పరమేష్ ఉన్నడు గద సారూ' అని మొదలువెడుతది. శైలజ మొన్న పుట్టిన పిల్ల, అది గూడ పరమేషన్నా అని ఊరు దద్దరిల్లెటట్టు పిలుస్తది. నా పేరు నోట్లకు రానోళ్లు ఈ ఊర్ల ఎవలున్నరు?"

"తిన్నంక గంతసేపు కూసోవద్దు. లే."

"కాదు, నువ్వు చెప్పు. ఎవలన్న ఉన్నరా?"

"లే కొడుకా. చెయ్యి ఎండిపోతాంది."

"ఏందే అమ్మా, ఉమ దిక్కు గట్ల చూస్తున్నవ్?"

"ఏం లే. మీ పెండ్లి యాదికొచ్చింది."

"ఇప్పుడా?"

"గీ కడప మీదనే. పేరు చెప్తేనే లోపలికి అన్నరు మీ అక్కలు. నిలవడ్డది, నిలవడ్డది, పొద్దు గూకె దాక నిలవడ్డది. ఆఖరికి చెప్పింది గాని, పక్కకున్న నాకే ఇనవడలే."

"అవ్! మా పెద్దక్క 'మళ్ల చెప్పు, మళ్ల చెప్పు' అని సతాయిస్తే ఏడ్సింది గద! ఇయ్యాల దాక ఇగో, అగో, ఇంటున్నవా... గదే నా పేరు. ఇప్పుడెందుకు ఆ ముచ్చట?"

"ఊకెనే. పో, గోలెం కాడ నీళ్లున్నయి."

"పోతున్న, పోతున్న."

"ఉమా."

"ఆ అత్తా."

"నా దిక్కు చూడు."

"పెంక మీద రొట్టె ఉన్నది."

"ఉండనీ. ఇను. ఆమె ఎవతో గాని, చెప్పిందేదో చెప్పింది. చెప్పందేదో చెప్పలే. ఇగ అక్కడికే నోరు కట్టేస్కుంటే అందరికీ మంచిది."

"అందరికంటే? కాటమయ్య మామకు గూడనా?"

"వాడు ఎట్లనో బతుకుతడు. ఒంటి పానం."

"ఒంటి పానమైతే ఏమైనా చెయ్యొచ్చునా అత్తా?"

"నాకున్నది ఒక్క కొడుకే."

"నాకు మాత్రం ఇంకెవలున్నరు?"

"అంత ఎర్కుండి చేసిందా మరి ఆమె?"

"సుక్కమ్మ తెల్లారి మన వాకిట్లకొచ్చింది అత్తా. 'గొర్రె ఏడికి పోయింది బిడ్డా, నేను దానికి ఏం తక్కువ చేసిన' అని అడిగింది. అది తనంతట తాను పోయిందనుకున్నది. ఇంట్ల నువ్వుంటివి. తలుపు దగ్గరకేస్తివి."

"ఏసిన."

"నేను బయటనే ఉంటిని. ఆమె నా మొకం దిక్కే చూడవట్టె. నేను ఏం చెప్పాలె?"

"మెల్లగ. వస్తుండు."

"ఏంది, అత్తాకోడళ్లు గుసగుస? నేనొస్తెనే ఆపిండ్రు."

"ఏం లేదురా. చింతపండు పాతదా కొత్తదా అంటున్న."

"చింతపండు తర్వాత. ఉమా, పని జల్ది కానియ్యి. నువ్వు గూడ బడి కాడికి రావాలె."

"నేనెందుకు?"

"మహిళా సంఘం లీడరువు గద. ఫోన్ చేసినామె పేరు చెప్పకపాయె గనక, ఊరామె ఎవలన్న వచ్చి ఒక్క మాట చెప్తే కాయితం ఖరారైతది అన్నడట సారు. నేను ఇస్రాయేలుతోని అన్న, మా ఇంటామె ఉన్నది, వస్తది, చెప్తది అని."

"దాన్నెందుకు లాగుతవురా నడుమ? అది రాదు."

"ఎందుకు రాదు?"

"దానికి ఒంట్లె బాగలే."

"ఏమైంది? రొట్టెలు మంచిగనే కొడుతాంది గద."

"బాగలేదంటున్న. నేనొస్త. నన్ను తీస్కపో. నేను చెప్త."

"నువ్వు సారు ముందట నోరు తెరిస్తే కాటమయ్య పెండ్లి నాటి నుంచి మొదలువెడుతవు. వద్దు. ఉమా, వస్తవా?"

"ఏం చెప్పాలె?"

"పేరు. గంతే. గొర్ల కాడ ఉండేటాయన ఎవలమ్మా అంటడు. కాటమయ్య అనాలె. ఇంకో మాట వద్దు."

"పేరు చెప్తే చాలునా?"

"చాలు. అందరికీ గావాల్సింది గా ఒక్క పేరే."

"వద్దే ఉమా. నా మాట ఇను."

"వస్త అత్తా. పేరే గద."

"నీ కాళ్లు మొక్కుత, వద్దే."

"అమ్మా, ఏమైందే నీకు? ఒక్క మాట చెప్పెటందుకు కాళ్లు మొక్కుడేంది? అగో, జీపు సప్పుడు. వచ్చిండ్రు. ఉమా, లే. ఏది, ఒక్కపారి ఇక్కడ చెప్పి చూపెట్టు. అక్కడ తడబడితే సారుకు అనుమానమొస్తది. నేనే సారును అనుకో. ఆ... ఏమమ్మా, గొర్ల కాడ ఉండేటాయన ఎవలు? చూసినవా, ఇప్పుడే తలకాయ కిందికేసినవు. మీదికెత్తు. నా మొకం దిక్కు చూసి చెప్పు. భయపడకమ్మా, నీ పేరు ఎవ్వలకు చెప్పం. ఇదంతా చేపిచ్చినాయన పేరేంది?"

"పరమేష్."

"ఆ, ఏందే? ...ఓ! అమ్మా, ఇన్నవా? నన్ను పేరు వెట్టి పిలిచింది! గీ కడప మీద ఏడ్సిన నాటి నుంచి ఇదే మొదలు! గొంతు గూడ గట్టిగనే ఉన్నది గదనే నీకు. సరే సరే, నన్ను పిలుసుడు తర్వాత, ముందుగాల ఆయన పేరు చెప్పు... ఏయ్, లేచినవేంది? చేతులకు పిండి గట్లనే ఉన్నది. ఉమా! చెప్పులన్న ఏస్కో. ఓ ఉమా! అగో, ఎనుకకు గూడ చూస్తలేదు. ఏందమ్మా ఇది? నన్ను పిలిచె. పలికితి. పలికినంక ఒక్క మాట లేకుండ గట్ల బడి దిక్కు పోతదేంది?"

"అది నిన్ను పిలువలే, కొడుకా."