మళ్ళీ వచ్చిందనుకుంది

ఆసుపత్రి వరండాలో అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. డాక్టరమ్మ గదిలోంచి వచ్చిన చెల్లెలు పక్కన చేరింది.

"ఎప్పట్నుంచి అవుతోందక్కా ఇలా?"

"వానలు మొదలైనప్పట్నుంచి. ఆగిపోయిన ఇన్నేళ్ళకి మళ్ళీ బహిష్టు అయితే, ఒంట్లో సత్తువ తిరిగొచ్చిందనుకున్నానే. నిజం చెప్పొద్దూ, లోలోపల మురిసిపోయాను."

"నాతోనైనా చెప్పొచ్చుగా."

"ఈ వయసులో ఆ మాటంటే నవ్విపోరూ?"

"ఒకసారి పూర్తిగా ఆగిపోయాక మళ్ళీ రాకూడదక్కా. నీకు వచ్చింది బహిష్టు కాదు. గర్భసంచిలో గడ్డ పెరుగుతోంది, ఆ రక్తం దానిది."

"నా ముగ్గురు పిల్లలు పెరిగిన చోట గడ్డా?"

"మంచి గడ్డ కాదు. క్యాన్సరట."

"సంచి తీసేస్తే సరిపోతుందిగా? పిన్నికి తీసేశారు, నిక్షేపంలా తిరుగుతోంది."

అవునని అబద్ధం చెబుదామనే చెల్లెలు నోరు తెరిచింది. అక్క మొహం చూశాక ఆ మాట పెగల్లేదు.

"సరిపోదక్కా. కాలేయం దాకా పాకిందట."



"లోపల అది పాకుతుంటే, నేను కుట్టుమిషను తొక్కుతూ కూనిరాగాలు తీశానే," అంది అక్క.