అరవై గజాల చూపు

సత్తెనపల్లి మార్కెట్ యార్డు రోడ్డులో మొహిద్దీన్ బాషా సీసీ కెమెరాల కొట్టు. మిట్టమధ్యాహ్నం. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని బేరమాడుతున్న రైతు పేరు బాపయ్య. అరగంట నుంచీ ఆయన కుర్చీ వదల్లేదు, బేరమూ వదల్లేదు.

"పద్దెనిమిది వేలా! రాత్రిపూట పందిని చూడ్డానికి పద్దెనిమిది వేలా? పందే అంత చెయ్యదు గదయ్యా బాషా!"

"పంది కోసం కాదు బాబాయ్, పంట కోసం. ఈ నైట్ విజన్ దుర్భిణిలోంచి చూస్తే అర్ధరాత్రి కూడా పట్టపగల్లా ఉంటది."

"ఆ చిన్నది?"

"మూడువేల రెండొందలు. వద్దులెండి, పదిహేను గజాలు దాటితే అది పిల్లలాడుకునే బొమ్మే. మీ మంచె మీంచి చేను అంచుకి ఎంతుంటది?"

"అరవై గజాలు."

"సరిగ్గా అరవయ్యేనా?"

"అడుగులేసి కొలిచా. మూడుసార్లు కొలిచా."

"అబ్బో! ఏం వేశారేంటి?"

"మూడెకరాలు మిరప, దాని పక్కన ఎకరన్నర మొక్కజొన్న. అంతా కౌలే. కంకి పాలు పట్టిందంటే చాలు, అడివిపందులు మందలు మందలుగా దిగుతయ్."

"చుట్టూ చీరలు కట్టలా? పాత చీరలు కడితే మనుషులున్నారనుకుని రావంటారుగా."

"కట్టాం. మా ఆవిడ పాత చీరలన్నీ ఆ కంచెకే. రెండ్రోజులు భయపడ్డయ్. మూడోరోజు చీరల కిందనుంచే దూరినయ్."

"మరి తర్వాతేం చేశారు?"

"తర్వాతా... అయ్యన్నీ ఎందుకులే ఇప్పుడు. ఇంకా తక్కువలో లేదా?"

"మీ దగ్గరెంతుందో చెప్పండి ముందు."

"ఆరువేలు. బస్సు చార్జీ పక్కన పెట్టుకుని."

"ఆరువేలకి... ఆ మాటకొస్తే ఒకటుంది. ఒంటికన్నుది. వీడియో గీడియో ఏమీ లేదుగానీ అరవై గజాలు చక్కగా చూస్తది. కాకపోతే అది అమ్మేది కాదు."

"అమ్మనిదాన్ని కొట్లో ఎందుకు పెట్టావయ్యా, దణ్ణం పెట్టుకోడానికా?"

"ఒకళ్ళు పక్కన పెట్టమన్నారు బాబాయ్. పోనీ ఎలా ఉంటదో చూడండి, అలాంటిదే తెప్పిస్తా. రండి, వెనక గోడౌన్లో లైటు తీసేస్తాను."

"ఉండుండు. గుమ్మమెక్కడా?"

"ఇదిగో, నా చెయ్యి పట్టుకోండి. అయ్యయ్యో, అది బీరువా! మీకు బొత్తిగా ఆనట్లేదే?"

"చీకట్లో ఎవరికి ఆనుద్దిరా అబ్బాయ్? నా కళ్ళకేం, నిక్షేపంగా ఉన్నయ్."

"సరే సరే. దీన్ని కంటికి పెట్టుకోండి. ఆ మీట నొక్కండి. నేనా చివరికి పోతున్నా. కనపడుతున్నానా?"

"ఓరి నీ! కనపడుతున్నావ్! గడ్డం కూడా కనపడుతోంది!"

"చెప్పాగా!"

"కాస్త వంగు నాయనా."

"వంగాలా?"

"ఇంకా. నేలమీదికి. ఏదో ముడేస్తున్నట్టు... ఆఁ, అట్టా ఉండు."

"నడుం పట్టేస్తోంది బాబాయ్. ఎందుకిదంతా?"

"వంగినా మనిషి మనిషిలాగే ఉన్నాడు."

"మనిషి మనిషిలాగే ఉంటాడుగా మరి."

"ఉండడు. చీకట్లో ఉండడు. ఆ పక్కనున్న టార్పాలిన్ పట్టా అడ్డం పెట్టుకో."

"పెట్టుకున్నా. ఇప్పుడూ?"

"పట్టాయే ఉంది. నువ్వు లేవు."

"గుడ్డ చాటున ఇది చూడలేదు బాబాయ్. లైటేస్తున్నా."

"అయితే ఆ చీరలు విప్పించాలి. వాడి చేత విప్పించాలి ముందు."

"ఎవరి చేత?"

"మా అబ్బాయి శ్రీకృష్ణ. ఇప్పుడు మంచె మీద కాపలా వాడే. కోడలు భవ్య రాత్రి అన్నం పట్టుకుపోద్ది. చేలో కరెంటు లైటు లేదు, ఆ గట్టు మీదే రావాలి పిల్ల."

"బాబాయ్, నిజం చెప్పండి. కంచెకి కరెంటు తీగ లాగారా?"

"మేమొక్కళ్ళమేనా? అందరూ లాగుతున్నారు."

"జైల్లో వేస్తారు! మనుషులు చచ్చిపోతున్నారు బాబాయ్!"

"అది రాత్రంతా వదిలేసి నిద్రపోయేవాళ్ళ సంగతి. మాది అట్టా కాదు. స్విచ్చి మంచె మీదే. మేలుకుని కూర్చుంటాం. పందొస్తేనే వేస్తాం. మనిషికేమీ కాకూడదనే ఆ ఏర్పాటు."

"వచ్చింది పందో మనిషో మీకెట్టా తెలుసుద్ది?"

"అందుకే గదయ్యా ఇది అడుగుతుంట! తీగ పీకెయ్యరా అంటే వాడు వినడు. నువ్వు కూర్చున్నన్నాళ్ళూ ఏమీ కాలేదుగా నాన్నా అంటాడు. ఇదన్నా వాడి చేతిలో పెడితే, వేసేముందు ఒక్కసారి చూస్తాడని."

"పిన్ని చేత చెప్పించండి. అమ్మ మాట వింటాడు."

"ఆవిడ లేదు. నిరుడు శివరాత్రి వెళ్ళిన వారానికి పోయింది. మోటారు కాడ షాక్ కొట్టింది."

"అయ్యో! మోటారు దగ్గరా?"

"ఊఁ. మోటారు కాడే. పోలీసులూ అట్టాగే రాసుకున్నారు. ఇది నాకిచ్చెయ్ బాషా."

"ఇవ్వలేను. నిరుడు ఇదే రోజుల్లో ఒకావిడ వెయ్యి అడ్వాన్సిచ్చి పోయింది. మిరపకాయలు అమ్మగానే వస్తానంది, మళ్ళీ రాలా. నమ్మి ఇచ్చినదాన్ని ఎట్టా తీసేస్తా చెప్పండి?"

"ఆడమనిషా? ఒక్కతే వచ్చిందా?"

"ఒక్కతే. 'మా ఆయనకి చీకటిపడితే ఆనదు నాయనా, అడిగితే కళ్ళు నిక్షేపంగా ఉన్నయ్ అంటాడు' అంది. 'గాలికి చీర ఊడితే పోయి కట్టేది నేను. ఏదో ఒకరోజు నన్నే పందనుకుంటాడు' అని నవ్వింది. నేనూ నవ్వా."

"పేరు?"

"డబ్బా మీద రాశా, ఉండండి... సుబ్బరావమ్మ. ఊరు... బాబాయ్? ఏమైంది? కూర్చోండి, ఇదిగో నీళ్ళు తాగండి."

"నాతో ఒక్క మాట అనలేదయ్యా."

"అంటే ఈవిడ... పిన్నా?"

"కళ్ళ సంగతెత్తితే మీదికి లేచేవాణ్ణి. ఎట్టా అంటది? కొనడానికి ఒక్కతే ఇంత దూరం వచ్చిందా పిచ్చిది!"

"మోటారు దగ్గరన్నారు..."

"మోటారు కాదు బాషా. మొక్కజొన్న కదిలింది. చీర ఊగింది. పందనుకున్నా. స్విచ్చి నేనే వేశా."

"యా అల్లా!"

"ఎత్తుకుపోయి మోటారు పక్కన పడుకోబెట్టా. ఎంత తేలిగ్గా ఉందో. ఎవరికీ చెప్పలా."

"శ్రీకృష్ణకి కూడా?"

"వాడికేమని చెప్పను? మీ అమ్మని నేనే చంపానని చెప్పనా?"

"బాబాయ్, డబ్బులొద్దు, ఇది తీసుకుపొండి. పిన్నిదే ఇది. కానీ చీర చాటునుంటే ఇదీ చూడలేదు, ఇందాక మీరే చూశారుగా. ఆ ఒక్క మాట కొడుక్కి చెబితే తీగ ఈ పూటే పీకేస్తాడు. రాత్రికి ఆ పిల్ల అన్నం పట్టుకుపోవాలి గదా?"

"వాడిక నా మొహం చూడడు."

"చూడకపోతే పోనివ్వండి. ఆ పిల్ల ఉంటదిగా."

"ఇదిగో ఫోను. వాడి నంబరు నువ్వే నొక్కు నాయనా. నాకు ఆనదు. నిరుడు కూడా ఆనలేదు."