అవును, అదే నా మాట

హలో… ఆ, నేనే.

చెప్పక్కా… లేదు, జలుబు కాదు. గొంతు పోయింది… క్లాసులో కాదు, హెడ్డు గారి గదిలో… అరవలేదు. అరవకుండా ఉండటానికి కష్టపడినా గొంతు పోతుంది.

డిపార్టుమెంటులోనే. స్కాలర్ల గదిలో. ఎవరూ లేరు… మూడు బల్లలు, పనిచేయని ప్రింటరు, నేను. టైమా? మూడు ఇరవై. నీకు డ్యూటీ లేదా… సరే, తింటూనే మాట్లాడు. నీ నమలడం నాకు అలవాటే.

ఏం లేదు… సంజాయిషీ రాయమన్నారు. అయిదింటిలోపు… నన్నే. నీ తమ్ముణ్ణే. యూనివర్సిటీలో రాజకీయాల పాఠం చెప్తున్నాడని వార్డులో ప్రతి మంచం దగ్గరా చెప్పుకున్నావుగా. ఇప్పుడిది కూడా చెప్పుకో.

ఉద్యోగమంటూ ఉంటే కదా పోవడానికి. నేనింకా పీహెచ్‌డీ చేస్తున్నవాణ్ణి. మొదటి సంవత్సరం పిల్లలు, యాభై మంది, చెప్పేవాళ్ళు లేక నాకిచ్చారు. ఇప్పుడది తీసేసి నోట్సు మాస్టారికి ఇస్తారు…

ఆయనే. ఇరవై ఏళ్ళుగా అదే కాగితాల కట్ట. ఆయన చదువుతాడు, వీళ్ళు రాసుకుంటారు. అందులో రెండు దేశాలు ఇప్పుడు లేవక్కా. లేని దేశాల రాజ్యాంగాలు బట్టీ పడుతున్నారు పిల్లలు… నవ్వకు… సరే, నవ్వు.

ఒక అమ్మాయి కంప్లైంటు ఇచ్చింది. కిటికీ అమ్మాయని చెప్పేవాణ్ణి, గుర్తుందా… అదే, కిటికీ పక్కన కూర్చుని రెండు నెలలు నోరు విప్పలేదన్నానే, ఆ అమ్మాయే. ఇంకో పది నిమిషాల్లో ఇక్కడికి వస్తుంది. వేరే సెక్షనుకి మారిపోతోంది. ఆ ఫారం మీద నా సంతకం కావాలి.

దేని మీదంటే… నా పద్ధతి మీద. అసలు నీ పద్ధతి మీద అనాలి… మరి? ఎక్కడ నేర్చుకున్నాను? డాక్టరు ఫోన్లో మందు చెప్తే నువ్వు రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ఆయన అవునన్నాకే సిరంజి పట్టుకుంటానని నువ్వే చెప్పావు. నేను దాన్ని క్లాసులో పెట్టాను. ఎదుటివాడి వాదన ముందు నువ్వు చెప్పు. వాడు 'అవును, అదే నా మాట' అనాలి. అనేదాకా వాడికి జవాబు చెప్పే హక్కు నీకు లేదు… బాగుందన్నావు అప్పుడు.

అక్కడితో ఆగలేదు నేను… చీటీలు. నువ్వు నమ్మేది చీటీ మీద రాసి నా బల్ల మీద పెట్టు. తర్వాత లేచి దానికి వ్యతిరేకంగా మాట్లాడు… ఎందుకంటే ఇంట్లో విన్నది ఇక్కడికొచ్చి అప్పజెప్పడానికి నేనెందుకు, కుర్చీ చాలు.

వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఆ వారం ప్రశ్న, రోడ్డు వేయడానికి ప్రభుత్వం జనం ఇళ్ళు తీసుకోవచ్చా అని. ఆ అమ్మాయి చీటీలో 'తీసుకోకూడదు' అని ఉంది. ఒక్క మాట, కింద రెండు గీతలు. కాబట్టి తీసుకోవచ్చని మాట్లాడాలి. మాట్లాడింది. పద్నాలుగు నిమిషాలు. చేతిలో కాగితం లేదు. అక్కా, నేనీ క్లాసు తీసుకున్నాక అలాంటి మాట వినలేదు. చేతులెత్తమంటే పదకొండు మంది మనసు మార్చుకున్నారు. చప్పట్లు. నేను అందరి ముందూ బోర్డు మీద పదికి పది వేశాను.

ఆ తర్వాత క్లాసుకి రాలేదు. మూడు వారాలు. నిన్న ఈ కాగితం…

వాళ్ళ ఇల్లు అలాగే పోయిందట. రోడ్డు కింద… నాకెలా తెలుస్తుంది? యాభై మందిలో ఎవరింటి గోడ ఎప్పుడు కూలిందో నేను… హెడ్డు గారూ ఇదే అడిగారు. ఆయన అడిగాడంటే సరే. నువ్వు కూడానా?

…లేదు, కోపం నీ మీద కాదు.

రాశాను, రాయకేం. నాలుగు పేజీలు. వినిపించనా… మొదటి పేరా ఒక్కటే. 'బోధనలో తటస్థత అనేది…' — సరే, ఆపేశాను. నిద్రమందుతో పోల్చాల్సిన పనిలేదు.

నేను చెప్పేది ఒక్కటే. పద్ధతి తప్పు కాదు. పనిచేసింది. పనిచేసినందుకే ఈ గొడవ. పనిచేయని నోట్సు మీద ఇరవై ఏళ్ళలో ఒక్క కంప్లైంటు లేదు, చూశావా…

ఏం షీటు?… కేసు షీటు. ఆ… తెలుసు. ఏ మందు పడదో దాని మీద ఎర్ర సిరాతో రాసుంటుంది, నువ్వు అది చూడకుండా సూది ముట్టుకోవు. అక్కా, అది ఆస్పత్రి. తలవైపు కాగితం తగిలించుకుని ఎవరూ క్లాసుకి రారు.

…లేదు, నాకెవరూ చెప్పలేదు.

…లేదు, నేనూ అడగలేదు.

ఆ అమ్మాయా? ముందుగా ఏమైనా అందా అంటే…

ఉండు. తలుపు వేసొస్తాను.

…ఆ. అంది. క్లాసు మొదలయ్యే ముందు నా బల్ల దగ్గరికొచ్చింది. ఈ ఒక్కసారికి వేరే ప్రశ్న తీసుకోవచ్చా సార్ అని అడిగింది. మెల్లిగా. నేను చీటీలు సర్దుకుంటున్నాను. తల కూడా ఎత్తలేదు. 'ఇష్టమైంది మాట్లాడటానికి ఇంత దూరం రానక్కర్లేదు, ఇంట్లోనే మాట్లాడుకోవచ్చు' అన్నాను.

ఇంట్లో అన్నాను. అవును.

అందరికీ వినపడేలాగే అన్నాను. ముందు బెంచీ నవ్వింది. నాకు… భలే అన్నాననిపించింది, అదీ చెప్తున్నాను కదా.

నాలుగు పేజీల్లో అది లేదు… లేదని నాకూ తెలుసు. రాసింది నేనే.

కంప్లైంటు ఇక్కడే ఉంది. ముప్పావు పేజీ… చదవాలా? సరే. 'ఆ రోజు నేను చెప్పిన ప్రతి వాక్యం మా గుమ్మం ముందు నిలబడి ఆఫీసరు గారు చెప్పిందే. ఆయన మాటలు నాకు అంత బాగా గుర్తున్నాయని క్లాసులో లేచేదాకా నాకు తెలియదు. మా అమ్మ కుట్టుమిషను మీద చెయ్యి వేసి ఆయన్ని ఏవో అడిగింది. అవి మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.'

…ఇంకో లైనుంది. 'నాకు పదికి పది వేశారు.'

అంతే. కింద సంతకం.

నమలడం ఆపేశావేం అక్కా.

తిరిగి చెప్పడమా? నీకా?… నా నియమం నాకే పెడుతున్నావు. బాగుంది… సరే. ఆ అమ్మాయి ఏమంటుందంటే, విద్యార్థి నేపథ్యాన్ని పరిగణించకుండా అధ్యాపకుడు — కాదా? సరే, 'అధ్యాపకుడు' తీసేస్తున్నాను. పద్ధతి కఠినంగా ఉండటం వల్ల తనకి… అదీ కాదా. ఆ కాగితంలో పద్ధతి అన్న మాట ఎక్కడుందంటావు. ఉండు, చూస్తాను…

లేదు. ఎక్కడా లేదు.

మరి మూడు గంటలుగా నేను దేనికి జవాబు రాస్తున్నాను?

అక్కా, పిల్లలు అడిగేవాళ్ళు, మీరేమంటారు సార్ అని. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఎంత హాయిగా ఉండేదో తెలుసా. యాభై మంది తమ లోపల ఉన్నది తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్ళు. నా చీటీ ఒక్కటే ఎప్పుడూ బల్ల మీదికి రాలేదు. దాన్ని తటస్థత అని పిలుచుకున్నాను. నాలుగు పేజీలు దాని గురించే…

ఏడవట్లేదు. గొంతు పోయిందని ముందే చెప్పాను.

సంతకం పెడితే ఏమవుతుందా? నోట్సు మాస్టారి సెక్షనుకి వెళ్తుంది. లేని దేశాలు రాసుకుంటుంది. ఇంకెక్కడా లేచి మాట్లాడదు. నా క్లాసు పోతే పోయింది… ఆ అమ్మాయి నోరు మళ్ళీ మూతపడితే, మూసింది నేనే కదా.

పెట్టకపోతే? పెట్టకపోవడానికి నేనెవణ్ణి—

ఉండు. కాళ్ళ చప్పుడు.

రామ్మా… నెట్టు… అయ్యో, గడియ వేసింది నేనే. తీస్తున్నాను.

మా అక్క ఫోన్లో ఉంది. పరవాలేదు, కూర్చో… అక్కా, పెట్టేయకు, ఒక్క నిమిషం.

ఫారం ఇలా ఇవ్వు… లేదు, ఏమీ అడగను. పెన్నుంది… ఇదిగో, పెట్టేశాను. తీసుకో. ఇక నువ్వు నా క్లాసు కాదు. నా మార్కులు నిన్నేం చేయవు. ఇప్పుడు ఒక మాట చెప్తాను, వినాలనిపిస్తే విను. లేదంటే వెళ్ళిపో, ఏమీ అనుకోను.

…

నీ మాట నేను చెప్తాను. తప్పయితే తప్పని చెప్పు… వద్దని నువ్వు ముందే అడిగావు. నేను తలెత్తలేదు. పైగా నిన్ను చూసి ముందు బెంచీ నవ్వేలా చేశాను.

కాదా… అది కూడా కాదా. సరే. మళ్ళీ.

ఆ పదికి పది నీకు కాదు. మీ గుమ్మం ముందు నిలబడ్డ ఆయనకి. నీ నోటితో ఆయన్ని ఇంకోసారి గెలిపించి, చప్పట్లు కొట్టించాను.

…

సగమే సరైందా?

మిగతా సగం… మీ అమ్మగారు అడిగినవి. గుర్తొచ్చాయా?… ఎప్పుడు?… నిన్న రాత్రా.

చెప్తావా. తొందర లేదు. ఆ సంచీ కింద పెట్టు… రాసుకుంటాను. నువ్వు చెప్పాక తిరిగి చదివి వినిపిస్తాను, ఎక్కడ తప్పితే అక్కడ ఆపు… కాగితమా? ఇవిగో నాలుగున్నాయి, వెనకంతా ఖాళీ.

ఊఁ, చెప్పు…

అక్కా, పెట్టేస్తున్నాను.