వాంతుల మాత్ర

కీమో ఎక్కించుకుని ఇంటికి వచ్చిన చెల్లెలి ముందు బేసిన్ పట్టుకుని, అక్క ఆమె వీపు నిమురుతోంది.

“పొద్దున గుప్పెడు మాత్రలు మింగించావుగా, అయినా ఈ వాంతులేంటక్కా?”

“అందులో వాంతుల మాత్ర లేదే. నేనే తీసేశాను.”

“ఎందుకు?”

“అది వేసుకుంటే రోజంతా నిద్రపోతావు. పలకరించే దిక్కు లేక పిచ్చెక్కుతోందే నాకు. ఒక్కపూట నాతో మాట్లాడతావనుకున్నాను.”

“అందుకని పేగులు బయటికొచ్చేలా కక్కిస్తావా?”

“తిట్టు. నా బుద్ధి గడ్డి తింది. డాక్టరమ్మకి ఫోన్ చేసి, నేను చేసిన పాడుపని చెప్పేశాను. ఇప్పుడైనా వేయమంది.”

“వేసుకుంటే మళ్ళీ నిద్రేగా?”

“హాయిగా నిద్రపో. నేనిక్కడే కూర్చుని నా సోది నేను చెప్పుకుంటాను.”

“నీ సోదికి నిద్రపోవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటేలే.”

అక్క నవ్వలేకపోయింది. మాత్ర పట్టుకున్న ఆమె చేతిని చెల్లెలే తన నోటిదాకా తెచ్చుకుంది.