అడగకుండా దాచవద్దన్న డ్రాయింగ్ మేడమ్

1992వ సంవత్సరం జూలై ఆరవ తేదీన, చేతిలో సరళరేఖలు గీసే టి-స్క్వేరుతో, చంకలో చుట్టిన కాగితాలతో మా భవన నిర్మాణ విభాగంలో అడుగుపెట్టిన నాటి నుండి నేటి పదవీ విరమణ దినం వరకు, అందరిచేతా ‘డ్రాయింగ్ మేడమ్’ అని ఆప్యాయంగా పిలిపించుకున్న వీరి ఉద్యోగ ప్రస్థానం నిష్ఠకూ నిక్కచ్చితనానికీ నిదర్శనం.

తొలి దశలో ట్రేసింగ్ కాగితంపై గీతలను బ్లేడుతో గీకి సవరించిన వీరు, కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. ఒక గోడనో స్తంభాన్నో తొలగించి చూసి, నచ్చకపోతే భద్రపరచకుండానే ఫైలు మూసేవారు. “తీసి చూస్తేగానీ అదెందుకుందో తెలీదండీ” అనేవారు.

నిర్ణీత వ్యవధిలో పనిని తనంతట తానే భద్రపరిచే ‘ఆటోసేవ్’ ఉన్న కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన ఏడాది, పిల్లల ఆసుపత్రి నమూనాలో మెట్లదారిని పొగ నుండి కాపాడే గోడను అలాగే తీసి చూస్తుండగా, కుమార్తెకు జ్వరమని బడి నుండి ఫోను వచ్చింది. వీరు ఉన్నపళంగా లేచి వెళ్లారు. యంత్రం గోడ లేని నమూనానే అసలు ఫైలులో భద్రపరిచింది. మరునాటి ఉదయం సహోద్యోగి ఒకరు దానినే నిర్మాణ స్థలానికి పంపేశారు. వచ్చి ఫైలు తెరిచిన మేడమ్ గారు అందులో గోడ లేదని, ఆ నమూనా అప్పటికే వెళ్లిపోయిందని గమనించారు. మంటలు రేగితే పసివాళ్లు బయటపడే దారి ఆ మెట్లొక్కటే! పరుగున వెళ్లి పని ఆపించారు.

చీఫ్ ఇంజనీరు గారు సాఫ్ట్‌వేర్‌ను తిట్టబోతే, “ఫైలు మూయకుండా లేచింది నేను సార్, తప్పు నాదే. కానీ ఆ ఆటోసేవ్ ఇక అసలు ఫైలు జోలికి రాకూడదు” అన్నారు.

“కరెంటు పోతే రోజంతా చేసిన పని మట్టిపాలే కదమ్మా!”

“పోతే మళ్ళీ గీస్తాను సార్. నేను వద్దనుకున్నదాన్ని నన్నడక్కుండా దాచేస్తే, ఏది నా ఆలోచనో, ఏది నా మాటో మీకెలా తెలుస్తుంది?”

న్యాయం ఇద్దరి మాటలోనూ ఉంది. యంత్రం దాచేది వేరే కాపీలోకే పోవాలని, అసలు ఫైలులోకి చేరేది మాత్రం మనిషి చేతి మీదుగానే చేరాలని చివరకు నిర్ణయమైంది. ఆ పద్ధతి నేటికీ చెక్కుచెదరలేదు, ఆసుపత్రి మెట్ల పక్క ఆ గోడ కూడా.

నిన్న సాయంత్రం వీరి కంప్యూటరును అప్పగించుకుంటున్న సహోద్యోగి, “మేడమ్, యంత్రం దాచిన మీ కాపీలన్నీ తీసెయ్యమంటారా?” అని అడిగారు. మేడమ్ గారు కళ్లొత్తుకుని నవ్వారు. “అడిగారు చూడండి, నాకదే చాలు. తీసెయ్యండి.”

ఇకమీదట వీరి దినాలు ఏ గడువుకూ లోబడక, నచ్చినది నిలుపుకొని, నచ్చనిది చెరిపి మళ్ళీ గీసుకోగలిగినంత తీరికతో, కుటుంబ సభ్యుల సాహచర్యంలో, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లూ సాగాలని మనసారా కోరుకుంటున్నాము.