తలకోన మడుగులో చారల చేప

తిరుపతిలో ఒక ఫొటో స్టూడియో. కాలేజీలో జువాలజీ చెప్పే మేడం రెండు కెమెరాలు చూస్తోంది.

"ఈ నల్లది తీసుకోండి మేడం. సూసేదానికి బాగుంటాది."

"నీళ్ళలో ముంచొచ్చా అన్నా?"

"అయ్యో, వద్దు! దానికైతే ఈ పసుపురంగుది ఉండాది. సుట్టూ రబ్బరు. మొద్దుగా ఉండాదని ఎవరూ కొనలేదు."

"ఒక బకెట్ నీళ్ళు తెప్పించు."

"ఈడనే ముంచుతారా?"

"తలకోన మడుగులో దిగినాక తెలిస్తే ఏం లాభం? పోయినేడు పాలిథిన్ కవర్‌లో కట్టుకోని దిగితే కెమెరా పాయె, రీలూ పాయె. ఆ మడుగులో నేను చూసిన చారల చేప నా కల్పన అని కాలేజీలో అందరూ నవ్వినారు."

కాసేపటికి బకెట్‌లోంచి కెమెరా తీసి, తుడిచి, వెనక మూత తెరిచారు.

"సుక్క నీళ్ళు పోలేదు మేడం!"

"ఇదే కావాలన్నా."

వారం తర్వాత, అదే స్టూడియోలో డార్క్‌రూం తలుపు తెరుచుకుంది.

"మేడం, రండి రండి! కండ్లు, చారలు, తోక, అంతా పడినాది!"

"ఏదీ? ఇదే అన్నా, ఇదే నా చేప!"

"ఎన్ని కాపీలు వేసేది?"

"నవ్వినోళ్ళకు తలా ఒకటి. అందరికన్నా ముందు నవ్వినాయనకు మాత్రం, గోడకు తగిలించేంత పెద్దది!"